జెమినీ కూడలిలో దుభాషిగా

"బాబూ, మీది ఏ ఊరు?"

మద్రాసు అమెరికన్ కాన్సులేటులో వీసా కిటికీ వెనక తెలుగు దుభాషిగా నిలబడిన ఇరవై ఏడేళ్ళలో నన్ను అన్నిటికంటే ఎక్కువమంది అడిగిన ప్రశ్న ఇదే. గాజు పలకకు అవతల కాగితాల కట్ట గుండెకు హత్తుకొని నిలబడ్డ పెద్దావిడ, ఎదురుగా కూర్చున్న విదేశీ అధికారి ముఖం వంక ఒకసారి చూసి బెదిరి, మైకులోంచి మొదటి తెలుగు మాట వినగానే ముఖం విప్పారి, చూపు నా మీదికి తిప్పుకొని ఆ మాట అడిగేది. జవాబు చెప్పే వీలు నాకు లేదు. దరఖాస్తుదారు పలికిన ప్రతి మాటా అధికారికి చేరాలి, అధికారి పలికిన ప్రతి మాటా దరఖాస్తుదారుకు చేరాలి, మధ్యలో దుభాషి సొంత మాట ఒక్కటి కూడా ఉండకూడదు అన్నది ఉద్యోగంలో చేరిన మొదటి రోజే నాకు నేర్పిన నియమం. అందువల్ల ఆ ప్రశ్నను కూడా ఇంగ్లీషులోకి తిప్పి అధికారికే చెప్పేవాణ్ణి. విషయం గ్రహించిన అధికారులు చిరునవ్వు నవ్వి తమ ప్రశ్నకు వెళ్ళిపోయేవారు. కొత్తగా వచ్చిన ఒక యువ అధికారిణి మాత్రం తననే అడిగారనుకొని, తన సొంత రాష్ట్రం ఒహాయో అని శ్రద్ధగా బదులిచ్చింది. నేను నియమం ప్రకారం ఆ పెద్దావిడతో, "నాది ఒహాయో అండీ" అన్నాను. ఆవిడ నన్ను పైనుంచి కింది దాకా చూసిన చూపు నాకు ఇప్పటికీ గుర్తుంది.

ఆ 'అండీ' ఇంగ్లీషులో లేదు. అది నేను చేర్చినదే. దాని గురించి ఆ రోజుల్లో చాలా ఆలోచించాను. తల్లి వయసున్న మనిషితో 'అండీ' లేకుండా, 'అమ్మా' లేకుండా మాట్లాడితే తెలుగులో అది అవమానం. అధికారి ఆమెను అవమానించలేదు కనుక, ఆ మాట చేర్చకపోతేనే అనువాదం తప్పవుతుంది అని నాకు నేను చెప్పుకున్నాను. ఈ నాటికీ నా అభిప్రాయం అదే.

దుభాషి పనిలో అన్నిటికంటే బరువైన మాట 'నేను'. అధికారి తన గురించి చెప్పుకుంటే దుభాషి కూడా "నేను" అనే అనాలి గాని "దొరగారు ఇలా అంటున్నారు" అనకూడదు. అలాగే దరఖాస్తుదారు "నాకు ఇద్దరు కొడుకులు" అంటే నేను ఇంగ్లీషులో నాకు ఇద్దరు కొడుకులు అనే చెప్పాలి. పూట గడిచేసరికి గుంటూరు మిరప రైతునూ, తణుకు బడిపంతులునూ, కొత్తగా పెళ్ళయిన కడప అమ్మాయినీ, వాళ్ళ ఎదురుగా కూర్చున్న అధికారినీ నేనే అయ్యేవాణ్ణి. ఇంటికి వెళ్ళాక కాసేపు ఎవరితోనూ మాట్లాడాలనిపించేది కాదు. ఎవరైనా మీది ఏ ఊరని అడిగితే, జవాబు చెప్పే వీలున్నా ఏ పేరు చెప్పాలో నాకే నిశ్చయంగా తెలియదు. నేను పుట్టి పెరిగింది చింతాద్రిపేటలో. 1730ల్లో నేతపనివారి కోసం కుంపిణీవారు కట్టించిన పేట అది. 'చిన్న తరి పేట', అంటే చిన్న మగ్గాల పేట, అన్న మాటే అలా మారిందంటారు. కాని అచ్చుకూటంలో అక్షరాలు కూర్చే పని కోసం నెల్లూరు వైపు పల్లె నుంచి వచ్చిన మా నాన్నగారు చివరి దాకా 'మన ఊరు' అంటే ఆ పల్లె అనే అర్థంలోనే మాట్లాడారు. మా ఇంట్లో మద్రాసుకు 'ఇక్కడ' అనే పేరే గాని 'ఊరు' అనే గౌరవం దక్కలేదు.

ఇప్పుడున్న కాన్సులేటు భవనాన్ని 1969 జనవరిలో ప్రారంభించారు. అప్పటికి నేను బడిపిల్లవాణ్ణి. దాని ఎదుట ఫ్లైఓవరు ఇంకా లేదు, అది 1973లో వచ్చింది. వాసన్ గారి జెమినీ స్టూడియో పేరు మీద ఆ కూడలికి జెమినీ అనే పేరు స్థిరపడిపోయింది. స్టూడియో పోయినా, ఫ్లైఓవరుకు అణ్ణా పేరు పెట్టినా, ఆటోవాళ్ళు నేటికీ జెమినీ అనే అంటారు. తెలుగు సినిమా మద్రాసులో ఉన్న కాలంలో మన ఊళ్ళ నుంచి వచ్చిన కుర్రవాళ్ళు సినిమా వేషాల కోసం ఆ చుట్టుపక్కల తిరిగేవారు. నేను 1984లో ఉద్యోగంలో చేరేనాటికి సినిమా హైదరాబాదుకు తరలిపోతున్నది. తెలుగు కుర్రవాళ్ళు మాత్రం అదే కూడలికి, వేరే కాగితాలు పట్టుకొని, వస్తూనే ఉన్నారు.

ఎలా వచ్చేవారో చెప్పకపోతే ఆ కాలం అర్థం కాదు. అప్పట్లో తమిళనాడు, కేరళ, కర్ణాటకలతో పాటు యావత్తు ఆంధ్రప్రదేశ్‌కూ ఈ కాన్సులేటే దిక్కు. హైదరాబాదువాళ్ళు సాయంత్రం చార్మినార్ ఎక్స్‌ప్రెస్ ఎక్కి తెల్లవారి సెంట్రల్ స్టేషనులో దిగేవారు. కోస్తావాళ్ళకు మెయిలు, కోరమాండల్ ఉండేవి, 1990ల్లో విజయవాడ నుంచి పినాకినీ వచ్చింది. ముందు రోజే వచ్చినవారు త్యాగరాయనగరులో బంధువుల ఇంట్లోనో లాడ్జీలోనో దిగి, వెంకటనారాయణ రోడ్డులోని తిరుమల దేవస్థానం గుడిలో దణ్ణం పెట్టుకొని, చీకటితోనే కాన్సులేటు ప్రహరీ పక్కన వరుసలో నిలబడేవారు. అపాయింటుమెంటు పద్ధతి రాక పూర్వం ఆ వరుస అర్ధరాత్రి నుంచే మొదలయ్యేది. నేను ఉదయం ఆరున్నరకు బస్సు దిగి లోపలికి నడుస్తుంటే ఆ గోడ పొడవునా తెలుగు వినిపించేది. పశ్చిమగోదావరి యాస, తెలంగాణ యాస, నెల్లూరి సాగదీత, అన్నీ ఒకే వరుసలో, ఒకే ఆందోళనతో వినిపించేవి. "ఎవరు ఉంటారు కిటికీ దగ్గర, ఆడ ఆమెనా మగ ఆయనా", "ముందు కొడుకు పేరు చెప్పకు, ముందు పొలం చెప్పు" అని ఒకరికొకరు నేర్పుకొనేవారు. నేను తల దించుకొని నడిచేవాణ్ణి. తెలుగువాణ్ణని తెలిస్తే ఆపి సలహా అడుగుతారని భయం, చెప్పకూడదన్న నియమం, చెప్పలేకపోతున్నానన్న బాధ, మూడూ ఉండేవి.

వాళ్ళు తెచ్చే కాగితాల గురించి ఎంత చెప్పినా తక్కువే. పట్టాదారు పాసుపుస్తకాలు, తహసీల్దారు ఇచ్చిన ఆస్తి ధ్రువపత్రం, ఆడిటరు ముద్ర వేసిన ఆస్తుల పట్టిక, ఇంట్లో బంగారం తూకం వేయించి కంసాలి చేత రాయించుకున్న విలువ, బ్యాంకు పాసుపుస్తకాలు, పదో తరగతి మార్కుల నుంచి మొదలుకొని చదువుల పత్రాలన్నీ, విద్యార్థులకైతే వీసాకు కావలసిన, విశ్వవిద్యాలయం పంపిన ఐ-20 పత్రం, ఇవన్నీ ఒక దానిమీద ఒకటి పేర్చి ఉండేవి. భర్త దగ్గరికి వెళ్ళే కొత్త పెళ్ళికూతుళ్ళు ఆ కట్ట మీద పెళ్ళి ఆల్బమును పెట్టుకొని వచ్చేవారు. రేకు అట్టలు, మధ్యలో పల్చని పొరకాగితాలు ఉన్న ఆ బరువైన ఆల్బములు కిటికీ కింది సందులో పట్టేవి కావు. గాజు పలకకు ఆనించి ఒక్కొక్క పుటా తిప్పి చూపించేవారు. అధికారి ఒక ఫొటో మీద వేలు పెట్టి, ఇదేమిటి, వధువు, వరుడు ఒకరి నెత్తిన ఒకరు ఎందుకు చేయి పెట్టుకున్నారు అని అడిగారొకసారి. జీలకర్ర బెల్లం అని ఆ అమ్మాయి చెప్పింది. దాన్ని ఇంగ్లీషులో చెప్పడం నాకు కష్టం కాలేదు. తలెత్తకుండా నిలబడ్డ ఆ పిల్ల ఆ ఫొటో చూపించేటప్పుడు ఒక్క క్షణం తలెత్తి నవ్వింది. ఆ నవ్వును మాత్రం అధికారి దుభాషి లేకుండానే అర్థం చేసుకున్నారు.

ఈ పని మా ఊరికి కొత్తది కాదన్న సంగతి నాకు ఉద్యోగంలో చేరిన కొన్నేళ్ళకు గాని తట్టలేదు. 1639లో ఫ్రాన్సిస్ డే ఈ ఇసుక తీరంలో కోట కట్టుకోవడానికి దామెర్ల వెంకటాద్రి నాయకుడి నుంచి అనుమతి పత్రం తెచ్చుకున్నప్పుడు, మధ్యన నిలబడి మాట కలిపినవాడు బేరి తిమ్మన్న అనే తెలుగు దుభాషి. చెన్నపట్నమన్న పేరే ఆ నాయకుడి తండ్రి చెన్నప్పది. తెలుగు నాయకుడికీ ఇంగ్లీషు వర్తకుడికీ మధ్య ఒక తెలుగు మనిషి పలికిన మాటల మీద లేచిన పట్టణంలో, మూడున్నర శతాబ్దాల తరువాత నేను అదే పని నెలజీతానికి చేస్తున్నానన్న ఆలోచన నన్ను చాలా రోజులు వెంటాడింది. ఆ కోటకు 1687 నుంచి 1692 దాకా గవర్నరుగా ఉన్న ఎలిహు యేల్ ఆ తరువాత అమెరికాలోని ఒక చిన్న కళాశాలకు పుస్తకాలూ, బట్టల మూటలూ పంపితే, ఆ సరుకు అమ్మగా వచ్చిన 562 పౌండ్లతో వారు భవనం కట్టుకొని ఆయన పేరు పెట్టుకున్నారు. యేల్ విశ్వవిద్యాలయం పంపిన ఐ-20 పట్టుకొని ఎవరైనా విద్యార్థి కిటికీ ముందుకు వచ్చినప్పుడల్లా, ఈ బాకీ ఈ ఊరికి తిరిగి వస్తున్నదని అనుకొనేవాణ్ణి.

కాన్సులేటు చరిత్ర కూడా ఓడలతోనే మొదలైంది. అమెరికా స్వాతంత్ర్యం సంపాదించుకున్న కొత్తలో, 'యునైటెడ్ స్టేట్స్' అన్న పేరు గల ఓడ ఒకటి 1784 డిసెంబరు 26న పుదుచ్చేరికి వచ్చింది. భారత తీరానికి వచ్చిన తొలి అమెరికన్ ఓడ అదే. 1792లో జార్జి వాషింగ్టన్ బెంజమిన్ జాయ్ అనే వర్తకుణ్ణి కలకత్తాకు కాన్సల్‌గా నియమించారు. ఈస్టిండియా కంపెనీవారు ఆయన్ను కాన్సల్‌గా గుర్తించలేదు, వర్తక ప్రతినిధిగా ఉండటానికి మాత్రం ఒప్పుకున్నారు. 1794లో విలియం ఆబట్ అనే ఆయన మద్రాసులో కాన్సులర్ ఏజెంటు అయ్యారు. అంటే మా కార్యాలయం వంశవృక్షం అక్కడ మొదలవుతుంది. వీసా అన్న మాటకే అప్పటికి అర్థం లేదు. కాన్సల్ అంటే ఓడల పెద్దదిక్కు. తమ దేశపు ఓడ రేవుకు వస్తే దాని పత్రాలు తన దగ్గర పెట్టుకోవాలి, కప్తానుకూ నావికులకూ తగవు వస్తే తీర్చాలి, జబ్బుపడి రేవులో వదిలేసిన నావికుడికి తిండీ మందూ చూసి ఇంటికి పంపాలి, చనిపోతే అతని పెట్టె తెరిచి వస్తువులు రాసుకొని కుటుంబానికి చేర్చాలి. దిక్కులేని నావికుల సంరక్షణను కాన్సల్‌కు బాధ్యతగా అప్పగిస్తూ 1803లో అమెరికా చట్టమే చేసింది.

అప్పటి మద్రాసుకు రేవన్నది పేరుకే. ఓడలు తీరానికి దూరంగా నడిసముద్రంలో లంగరు వేస్తే, మేకు ఒక్కటి లేకుండా కొబ్బరి పీచుతాడుతో పలకలు కుట్టిన మసూలా పడవల మీద మనుషులూ సరుకూ అలలు దాటి ఒడ్డుకు చేరాల్సిందే. కుట్టిన పడవ గనుకనే అల కొట్టినప్పుడు వంగేది గాని విరిగేది కాదు. బోస్టన్ నుంచి అమెరికన్ ఓడలు మోసుకొచ్చిన మంచుగడ్డలు కూడా అలాగే దిగాయి. వాటిని దాచడానికి ట్యూడర్ కంపెనీ 1842లో సముద్రపు ఒడ్డున కట్టించిన గుండ్రని భవనమే ఐస్ హౌస్. 1897లో వివేకానందుడు అమెరికా నుంచి తిరిగివచ్చి తొమ్మిది రోజులు అక్కడే బస చేశారు. ఇటునుంచి మద్రాసు చర్మాలు ఓడల మీద అమెరికాకు వెళ్ళేవి. నా చిన్నతనంలో ఐస్ హౌస్ మీదుగా వెళ్ళినప్పుడల్లా ఆ పేరు ఎందుకు వచ్చిందో తెలియదు. ఉద్యోగంలో చేరాక, కాన్సులేటు గ్రంథాలయంలో మధ్యాహ్నం భోజనవేళ కూర్చొని చదువుకొని తెలుసుకున్నాను.

ఓడలతో ఆ పాత అనుబంధం నా కాలంలో కూడా పూర్తిగా తెగిపోలేదు. వరుసలో వారానికి కొంతమందైనా నావికులు ఉండేవారు. విశాఖపట్నం, కాకినాడ, శ్రీకాకుళం తీరాల కుర్రవాళ్ళు నావికుల గుర్తింపు పుస్తకం, సీడీసీ అంటారు దాన్ని, చేత పట్టుకొని, ఓడ సిబ్బందికి ఇచ్చే సి-1/డి వీసాకు వచ్చేవారు. వాళ్ళు తెచ్చిన కాగితాలు తక్కువ, చెప్పే మాటలు ఇంకా తక్కువ. ఏ ఓడ, ఎక్కడ ఎక్కుతావు, ఎన్ని నెలలు అని అడిగితే ఓడ పేరు, హ్యూస్టన్, తొమ్మిది నెలలు అని మూడు ముక్కల్లో చెప్పి, చేతులు వెనక్కు కట్టుకొని నిలబడేవారు. మా నాన్న వేటకు పోతాడు, నేను ఓడ ఎక్కుతాను అని ఒక అబ్బాయి చెప్పిన వాక్యం నాకు ఎంతో ఇష్టం. కాన్సులేటు చేసే పనుల్లో అన్నిటికంటే పాతది వాళ్ళ పనేనని వాళ్ళకు తెలియదు, వరుసలో వాళ్ళ ముందూ వెనకా నిలబడ్డ సాఫ్ట్‌వేరు ఇంజనీర్లకూ తెలియదు.

ఇంజనీర్లు, వైద్యులు అంతగా రావడానికి కారణమైన చట్టం 1965 నాటిది. 1917 చట్టం ఆసియాలో చాలా భాగంతో పాటు మన దేశం నుంచి వలసనూ నిషేధించింది. 1946లో ఆ తలుపు కొద్దిగా తీసి భారతదేశమంతటికీ కలిపి ఏడాదికి వంద మంది అన్నారు. వంద! మా కిటికీల ముందు ఒక్క ఉదయం పూటే అంతకంటే ఎక్కువమంది నిలబడిన రోజులు చూసినవాణ్ణి గనుక ఆ అంకె నాకు నమ్మశక్యం కాలేదు. 1965లో మన దేశంతో సహా తూర్పు అర్ధగోళంలోని ప్రతి దేశానికీ ఏడాదికి 20,000 దాకా అనే పద్ధతి వచ్చాక మొదట వైద్యులు, తరువాత ఇంజనీర్లు, ఆ తరువాత 1990ల చివర కంప్యూటరు కుర్రవాళ్ళు వెళ్ళారు. వాళ్ళు అక్కడ స్థిరపడ్డాక వాళ్ళ తల్లిదండ్రులు మా కిటికీ ముందుకు వచ్చారు. నా పని ఎక్కువగా ఆ తల్లిదండ్రులతోనే. పిల్లలకు ఇంగ్లీషు వచ్చు, వాళ్ళకు నేను అక్కర లేదు.

తల్లులు వెళ్ళేది ఎక్కువగా ఒక్క పనికే. "ఎందుకు వెళుతున్నారు?" అని అధికారి అడిగితే, "మా అమ్మాయికి పురుడు పొయ్యడానికి" అనేవారు. ఈ ఒక్క వాక్యం నన్ను పెట్టినంత ఇబ్బంది మరే వాక్యమూ పెట్టలేదు. మాటకు మాట పెడితే కాన్పు చేయడానికి వెళుతున్నదని వస్తుంది. కాన్పు చేసేది మంత్రసాని. మంత్రసాని పని చేయడానికి వెళ్ళే మనిషికి పర్యాటక వీసా ఇవ్వరు. చేరిన కొత్తల్లో నేను అలా చెప్పబోయి, సగంలో ఆగి, అధికారి అనుమతి అడిగి, ఇది వృత్తి కాదు, కూతురు ప్రసవించినప్పుడు తల్లి దగ్గరుండి స్నానాలూ పథ్యమూ చూసే ఆచారం అని విడిగా వివరించాను. ఆయన ఓపికగా విని, కాగితం మీద ఆ మాటను తన లిపిలో రాసుకున్నారు. తరువాత వారం ఆయనే ఇంకొక తల్లితో, నాకోసం ఆగకుండా, "పురుడు?" అన్నారు. ఆ తల్లి ముఖం వెలిగిపోయింది.

ఇలాంటివి ఎన్నో చెప్పవచ్చు. "రెండెకరాల నలభై సెంట్లు" అన్న రైతు మాటను అలాగే చెబితే కొత్త అధికారికి సెంటు అంటే పైసలాంటి నాణెం గనుక ఏమీ బోధపడేది కాదు. ఎకరంలో నూరో వంతు అని ప్రతి కొత్త అధికారికీ ఒకసారి చెప్పవలసి వచ్చేది. "మా అన్నయ్య డబ్బు కడతాడు" అని విద్యార్థి చెబితే, కాగితాల్లో ఆ అన్నయ్య తండ్రి పేరు వేరుగా ఉండేది. పెదనాన్న కొడుకు కూడా అన్నయ్యే అవుతాడని, ఆ పిల్లవాడు అబద్ధం చెప్పలేదని, తెలుగులో ఆ బంధానికి వేరే మాటే లేదని అర్థం చేసుకోవడానికి దుభాషి ఉండాలి. ఇంటిపేరు ముందు రాసుకొనే మన పద్ధతి వల్ల కలిగిన తికమకలకు లెక్కే లేదు. పాస్‌పోర్టులో ఒక గడిలో మాత్రమే పేరుంటే వీసాలో రెండో గడిలో పేరు తెలియదన్న అర్థం గల మూడు ఇంగ్లీషు అక్షరాలు పడేవి, ఎఫ్‌ఎన్‌యూ అని. ఊరు ఊరంతా ఎరిగిన పెద్దమనిషి ఆ ముద్రతో విమానం ఎక్కేవారు.

ఇక చెప్పక తప్పనిది తిరస్కారం. వలస చట్టంలోని 214(బి) విభాగం ప్రకారం, తాత్కాలికంగా వెళతానని వచ్చే దాదాపు ప్రతి మనిషినీ ముందు వలస వెళ్ళేవాడుగానే భావించాలి. కాదని రుజువు చేసుకొనే భారం ఆ మనిషిదే. రెండు మూడు నిమిషాల్లో, కాగితాలు చూపించీ చూపించక ముందే, తిరిగి వస్తానన్న నమ్మకం కలిగించాలి. కలగకపోతే అధికారి ఒక ముద్రించిన కాగితం తీసి, ఒక వాక్యం చెప్పేవారు. ఆ వాక్యం నేను తెలుగులో చెప్పాలి, నియమం ప్రకారం 'నేను' అనే చెప్పాలి. "నేను ఈ రోజు మీకు వీసా ఇవ్వలేకపోతున్నాను." అధికారి మాట వాళ్ళకు శబ్దం మాత్రమే, అర్థం నా నోటి నుంచి వెళ్ళేది. అందుకే చాలామంది అధికారి వైపు చూడకుండా నా వైపు చూసేవారు. కృష్ణా జిల్లా నుంచి వచ్చిన ఒక పెద్దాయన, ముతక ఖద్దరు పంచె, నుదుట విభూతి, ఆ వాక్యం విని, కాగితాలు ఒక్కొక్కటే సర్దుకొని, కళ్ళజోడు తీసి తుడుచుకొని, నన్ను చూసి, "నీ చేతిలో ఉన్నదే గదా నాయనా" అన్నారు. నేను ఆ మాటను కూడా ఇంగ్లీషులోకి మార్చాను. అధికారి తల వంచుకొని కాసేపు ఊరుకున్నారు. ఆయన నిర్దయుడు కాడు, చట్టం చెప్పినట్లే చేశారు, ఆ రోజు భోజనానికి కూడా లేవలేదు. ఇద్దరం ఆ సంగతి మళ్ళీ మాట్లాడుకోలేదు.

2001 సెప్టెంబరు తరువాత పని తీరే మారిపోయింది. అంతకు ముందు ఉదయం వీసా ఒప్పుకుంటే సాయంత్రానికి పాస్‌పోర్టు చేతికి వచ్చేది, జనం ఆ కాసిని గంటలూ ఎదురుగా కనిపించే ఉడ్‌ల్యాండ్స్ డ్రైవ్-ఇన్ చెట్ల కింద కాఫీ తాగుతూ గడిపేవారు. 2003 ఆగస్టు నుంచి దాదాపు అందరికీ ఇంటర్వ్యూ తప్పనిసరి అయింది. ఆ మరుసటి ఏడాది వేలిముద్రలు వచ్చాయి. అద్దం మీద వేలు పెట్టమంటే పెట్టేవారు, యంత్రం ముద్ర తీసుకొనేది కాదు. నలభై ఏళ్ళు నాట్లు వేసి, కలుపు తీసి, పొగాకు నారు పెట్టి, అంట్లు తోమి అరిగిపోయిన వేళ్ళవి. గట్టిగా నొక్కమని, తుడిచి పెట్టమని, నుదుటికి రాసి మళ్ళీ పెట్టమని చెబుతూ ఉండేవాణ్ణి. నా చేతులు బాగోలేవా బాబూ అని అడిగిన తల్లులు ఎందరో! చేతులు బాగున్నాయని చెప్పే వీలు కూడా నాకు లేదు, ఆ ప్రశ్నను అధికారికి చెప్పేవాణ్ణి. అలాంటి చోట మాత్రం అధికారులందరూ ఒకే జవాబు చెప్పేవారు, ఆ జవాబును నేను ఇష్టంగా తెలుగు చేసేవాణ్ణి.

వీసా కిటికీలే కాన్సులేటు కాదని కూడా చెప్పాలి. తమ పౌరుల బాగోగులు చూసే విభాగం ఒకటి పక్కనే ఉండేది, అక్కడ దుభాషి అవసరం అరుదు. 2004 డిసెంబరు 26న సునామీ వచ్చిన రోజు ఆదివారం. కబురు వచ్చి వెళ్ళాను. తీరంలో ఉన్న తమవారి జాడ అడుగుతూ ఫోన్లు మోగుతూనే ఉన్నాయి. పేర్ల జాబితాలు, ఆస్పత్రులు, హోటళ్ళు. ఓడ మునిగితే బతికిన నావికుల పేర్లు రాసుకొన్న పాతకాలపు కాన్సల్ పనికీ, ఆ రాత్రి మేము చేసిన పనికీ తేడా లేదనిపించింది.

2006 మార్చిలో అమెరికా అధ్యక్షుడు బుష్ హైదరాబాదు వచ్చినప్పుడు అక్కడ కొత్త కాన్సులేటు పెడతామని ప్రకటించారు. 2008 అక్టోబరులో బేగంపేటలోని పైగా ప్యాలెస్‌లో అది మొదలైంది, 2009 మార్చి నుంచి వీసాలు కూడా ఇవ్వసాగారు. తెలుగువాళ్ళకు రాత్రి రైలు బాధ తప్పినందుకు నేను మనసారా సంతోషించాను. అయినా ఆ వేసవిలో ఉదయం బస్సు దిగి గోడ పక్కన నడుస్తుంటే వినిపించే మాటల్లో తెలుగు రోజురోజుకూ పలచబడింది. తమిళం, మలయాళం, కన్నడం ఉన్నాయి. చంకలో ఆల్బముతో గుంపుగా వచ్చే తెలుగు కుటుంబాలు లేవు. ఉడ్‌ల్యాండ్స్ అంతకు ముందు ఏడాదే మూతపడింది. నాకు కిటికీ పని తగ్గి, కాగితాల పని ఎక్కువైంది.

నా చివరి ఏడాది, 2011లో, ఒక రోజు తమిళ దుభాషి నన్ను వెతుక్కుంటూ వచ్చి, కోవిల్‌పట్టి నుంచి ఒక పెద్దావిడ వచ్చారు, తమిళం వచ్చు గాని కంగారులో ఇంటి భాషలోకి వెళ్ళిపోతున్నారు, అది తెలుగులా ఉంది రండి అన్నారు. వెళ్ళాను. చెవులకు పాతకాలపు కమ్మలు, మెడలో పగడాల దండ. నాలుగైదు వందల ఏళ్ళ కిందట నాయక రాజుల వెంట దక్షిణానికి నడిచి వెళ్ళి అక్కడి నల్లరేగడిలో పత్తి పండించుకుంటున్నవాళ్ళ తెలుగు అది. చదవడం రాదు, రాయడం రాదు, ఇంట్లో మాత్రం విడిచిపెట్టలేదు. నేను నమస్కారమమ్మా అనగానే ఆవిడ గాజు పలకకు దగ్గరగా జరిగి, "మీది ఏ వూరు సామీ?" అన్నారు.

ఇరవై ఏడేళ్ళ అలవాటు ప్రకారం ఆ ప్రశ్నను ఇంగ్లీషులో అధికారికి చెప్పాను. ఆయన వయసులో పెద్దవారు, చాలా దేశాల్లో పనిచేసి వచ్చినవారు. ఒక్క క్షణం ఆమెనూ నన్నూ చూసి, "అది మిమ్మల్ని అడిగారు, మీరే చెప్పండి" అన్నారు.

"ఇదే మా ఊరమ్మా. మద్రాసే" అన్నాను.

ఆవిడ తల ఊపి, చేతిలోని కాగితాలు కిటికీ సందులోంచి ముందుకు జరిపారు. ఎందుకు వెళుతున్నారని అధికారి అడిగారు. నేను తెలుగులో అడిగాను.

"మా పాపకు పురుడు" అన్నారావిడ.